కంచె మీది ఎర్ర తూనీగ

ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు మొదటిసారి కాలవలోకి వచ్చిన ఏడే సంపూర్ణమ్మ సాలెల వీధికి కాపురానికి వచ్చింది. నీళ్లతో పాటే ఇన్ని తూనీగలూ వచ్చాయని ఆమె చెప్పేది. ఆమె పెరటి కంచె దాటితే కాలవ. ఆ పెరట్లో తూనీగలే కాదు, వెదురు గుంజలకు బెజ్జాలు వేసే నల్ల తుమ్మెదలు, చూరు కింద మట్టిగూళ్లు కట్టే కందిరీగలు, ములగచెట్టు మీద బంగారు పురుగులు ఉండేవి. కందిరీగ గూడు కడితే ఇంట్లో బిడ్డ పుడుతుందని ఆమె ఏ గూటినీ రాల్చనిచ్చేది కాదు.

వీధికి ఆమెతో పనిపడేది మాత్రం తూనీగల వల్లే. మగ్గం మీద నిలువుపోగులయ్యే పడుగుకు గంజి పెట్టాలంటే నూలంతా వీధి పొడవునా పరిచి, గంజి పూసి, ఆరేదాకా కుంచెతో దువ్వుతూ ఉండాలి. తెల్లవారుజామున మొదలుపెడితే ఎండెక్కేదాకా పడుతుంది. మధ్యలో వాన పడితే గంజి కారిపోయి, పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. అందుకని వానాకాలంలో ఎవరైనా ముందు ఆమె గుమ్మంలోకి వచ్చి, "పరుచుకోమంటారా?" అని అడిగేవారు. ఆమె పెరట్లోకి వెళ్లి చూసి వచ్చేది. ఎర్ర తూనీగలు కంచెపుల్లల మీద నిమ్మళంగా వాలి ఉంటే పరుచుకోవచ్చు. పసుపువి గుంపులుగా, ఎక్కడా వాలకుండా మోకాలెత్తున తిరుగుతుంటే వద్దు. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఆమె మాట తప్పేది. దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు.

ఆమె ముసలిదయ్యాక ఒక ఏడు ఆషాఢంలో వీరాస్వామి అడిగితే పరుచుకోమంది. వీరాస్వామిది ఎదురిల్లు, ఆమెకు తోడికోడలి కొడుకు. సగం గంజి ఆరకముందే వాన దంచేసింది. పడుగు మొత్తం పాడైంది.

వాన వెలిశాక సంపూర్ణమ్మ కంచె దగ్గరకు వెళ్లింది. పొద్దున చూసిన ఎర్ర తూనీగ ఇంకా ఆ పుల్ల మీదే ఉంది. అంత వానలో తూనీగ కదలకుండా ఎలా ఉందా అని చెయ్యి చాపి పట్టుకుంది. వేళ్లకు తగిలింది నూలు పోగు. రంగు వేసిన నూలు చిలపలు ఆరేసినప్పుడు కంచెకు చిక్కుకున్న ఎర్ర పోగు.

కళ్లు మసకబారాయని ఆమెకు అంతకుముందే తెలుసు. నూలు కండెలు చుట్టడానికి వేళ్లు చాలు కాబట్టి ఇంట్లో ఎవరికీ తెలియనివ్వలేదు. ఇప్పుడూ చెప్పలేదు. మర్నాటి నుంచి ఎవరడిగినా వద్దనడం మొదలుపెట్టింది. రెండు రోజులు వద్దంది, రెండు రోజులూ ఎండ కాసింది. "తూనీగలకు కూడా మతి పోయిందేమో" అని వీరాస్వామి అరుగు మీద నలుగురూ వినేలా అన్నాడు.

మూడో రోజు ఆమె కొడుకు గంగయ్య వంతు వచ్చింది. షావుకారు గున్నేశ్వరరావు గారింటి పెళ్లికి పంచెల చాపు నేసి శ్రావణంలోగా ఇవ్వాలి. ఆ రోజు గంజి పెట్టకపోతే మగ్గం ఎక్కదు, ఆ నేత ఇంకో ఇంటికి పోతుంది. రాత్రి ఒక జల్లు పడింది. తెల్లారేసరికి పెరట్లో పసుపు తూనీగలు కమ్ముకుని కిందకే తిరుగుతున్నాయి. సంపూర్ణమ్మకు కనిపించింది పసుపు మసకే. వద్దంది. గంగయ్య గంజి కుండ పక్కన పెట్టాడు.

కోడలు లోవలక్ష్మి అప్పుడే పెరడు ఊడుస్తోంది. అత్తగారి మాట విని చీపురు ఆపింది. చీపురు ముందున్న చెత్త గుప్పెడు తీసి ఆమె అరచేతిలో పోసింది.

"ఇవేంటో చూడండత్తయ్యా."

సంపూర్ణమ్మ కళ్ల దగ్గరకు తీసుకోలేదు. వేళ్లతో నలిపింది. ఉల్లిపొర కన్నా పలచన, పొడవాటి రెక్కలు. ఉసిళ్ల రెక్కలు. రాత్రి జల్లుకు పుట్టలోంచి లేచిన ఉసిళ్లను తినడానికి తూనీగలు కిందకు దిగాయి. వాటికి రాబోయే వానతో పని లేదు. ఈ సంగతి కోడలికి నేర్పింది తనే.

"ఎప్పట్నించి తెలుసే నీకు?"

"ఆ రోజు వాన వెలిశాక మీరు కంచె తడుముకోవడం చూశానండి."

"వాడితో చెప్పావా?"

"లేదండి."

సంపూర్ణమ్మ రెక్కలను కొంగుకు తుడుచుకుంది. గంగయ్యను పిలిచి పడుగు పరచమంది. తర్వాత కోడలి భుజం పట్టుకుని వీధి దాటింది. వీరాస్వామి అరుగు మీద పాడైన పడుగులో పోగులు విడదీస్తున్నాడు.

"నీ పడుగు పోయింది తూనీగల వల్ల కాదురా, నా కంటివల్ల. నూలుపోగును చూసి తూనీగ అనుకున్నా," అంది.

వీరాస్వామి చేతిలో పని ఆపలేదు. "సాలెదానివి, నూలుపోగును పోల్చుకోలేకపోయావా పిన్నీ?" అన్నాడు. ఇంకో పోగు విడదీసి, "మరి ఎల్లుండి మళ్లీ పరుద్దామనుకుంటున్నా. ఎవర్నడగాలి?" అన్నాడు.

"నన్నే అడుగు. ఇది చూస్తుంది, నేను చెబుతా."

మధ్యాహ్నానికి గంగయ్య పడుగు ఆరింది. సాయంత్రం లోవలక్ష్మి కంచె పొడవునా నడిచి, పుల్లలకు చిక్కిన పోగులన్నీ ఏరేసింది.