సాంచాలు ఆగే రోజు

మా కరీంనగర్ ఆఫీసుకు ఆడిట్ రోబో వచ్చిందంటే చేతులూ కాళ్లూ ఉన్నదేదో వచ్చిందనుకునేరు. అదంతా కంప్యూటర్ లోపలి వ్యవహారం. నేత సంఘాలు ఏ రోజుకారోజు ఎక్కించే నూలు, గుడ్డ లెక్కలను అదే సరిచూసుకుంటుంది. తేడా ఉంటే ఎర్రగా చూపిస్తుంది. అప్పుడే మేం ఊళ్లకు వెళ్లాలి. లేకపోతే కుర్చీలోంచి కదలనక్కర్లేదు. మహా సుఖం! ఆ సుఖం నాకు ఒంటికి పట్టడం లేదు.

వేములవాడ అవతల ఒక సంఘం షెడ్డు ఉంది. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. సాంచా నడుస్తుంటే నూలు తరుగుతూనే ఉంటుంది, లెక్క కుదరదు. అందుకని ఏటా నేను వెళ్లిన రోజు అన్నీ ఆపేసేవారు. రెండు షిఫ్టుల వాళ్లూ రావాల్సిందే. చప్పుడు ఆగాక కూడా కాసేపు అందరూ అరుచుకుంటూనే మాట్లాడేవారు.

అక్కడొక జంట. ఆయనది రాత్రి షిఫ్టు, ఆమె పగలు నూలు కండెలు చుట్టేది. ఆయన ఇల్లు చేరేసరికి ఆమె షెడ్డుకు బయలుదేరేది, ఆమె తిరిగొచ్చేసరికి ఆయన. పండుగలకేమో ఇంటినిండా చుట్టాలు, ఆమెకు పొయ్యి దగ్గరే సరిపోయేది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తినేది ఆడిట్ రోజే. ఆమె బియ్యప్పిండితో సర్వప్ప కాల్చి తెచ్చేది. కరకరలాడే అంచు ఆయన తుంచి ఆమె ముందు పెట్టేవాడు.

"కొత్త పెండ్లికొడుకు వచ్చిండు సూడుండ్రి!" అని తోటివాళ్లు ఆటపట్టించేవారు.

"ఊకోండ్రి, మేడం ఉన్నది" అని ఆమె సిగ్గుపడేది. నాకూ ఒక ముక్క అందేది. నేను కావాలనే గుడ్డ లెక్కను మెల్లగా సాగదీసేదాన్ని.

మొన్న ఆమె ఫోన్ చేసింది. "మేడం, గీసారి ఎప్పుడొస్తరు?"

"రాను చెల్లె. మీ ఆడిట్ అయిపోయింది. ఒక్క తప్పు సుత లేదు" అన్నాను, మెచ్చుకుంటున్నట్టు.

"అయ్యో, సాంచాలు ఆపనే లేదు గద! గట్లెట్ల అయిపోయింది?"

తప్పు కనబడితేనే ఇప్పుడు మనుషులు వస్తారని చెప్పాను. సాంచాల చప్పుడులో ఆమె గొంతు తగ్గించి అడిగింది.

"గట్లైతె మా సంఘం లెక్కల సార్‌కు చెప్పి, జర ఒక్క తప్పు రాయించాల్నా?"

"నీకేమన్న పిచ్చా! ఆయన నౌకరి పోతది" అని కసిరాను. ఫోన్ పెట్టేశాక ఏడుపొచ్చింది. నాకు ఆ షెడ్డుకు వెళ్లాలని ఉంది. ఆ ఇద్దరినీ పక్కపక్కన చూడాలని ప్రాణం కొట్టుకుంటోంది.

ఇప్పుడు రోజూ ఆఫీసుకు రాగానే రోబో ఎర్రగా చూపించిన పేర్లే ముందు చూస్తాను. వాళ్ల సంఘం అందులో ఉండదు. గజం తేడా కూడా రాకుండా రాయడం వాళ్లకు నేర్పింది నేనే.