పగిలిన రొట్టెలు

మొన్న సంగారెడ్డిలో ఒక పెళ్లికి వెళ్తే, భోజనాల దగ్గర అన్నిటికంటే పొడుగాటి వరస జొన్నరొట్టెల ముందు కనిపించింది. పనీరు కూర వడ్డించేవాడు గరిటె పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. ఇద్దరు ఆడవాళ్లు పొయ్యి ముందు కూర్చుని టపటపా రొట్టెలు తడుతుంటే, పట్టుచీరలూ సూట్లూ పళ్లేలు చాపి నిలబడ్డాయి. షుగరుకు మంచిదని ఒకరు, గుండెకు మంచిదని ఇంకొకరు చెప్పుకుంటూ, రొట్టె తిన్న ధైర్యంతో ఆపైన డబుల్ కా మీఠా కూడా రెండుసార్లు వేయించుకుంటున్నారు. నేనూ అదే పని చేశాను కాబట్టి నవ్వే హక్కు నాకు లేదు. కానీ ఆ తట్టే చప్పుడు వింటుంటే ఒకప్పటి మా ఇంటి ఓనరమ్మ గుర్తొచ్చింది. నా వంతు వచ్చేసరికి కళ్లు తడిశాయి. పొగ అనుకుని వడ్డించేవాళ్లు జాలిపడి ఇంకో రొట్టె వేశారు.

మావారికి పటాన్‌చెరు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చి, మేం కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కొత్తలో ఆమె ఇంట్లోనే ఒక వాటా కిరాయికి తీసుకున్నాం. సాయంత్రమైతే కంపెనీల వైపు నుంచి ఘాటు వాసన గాలిలో వచ్చేది, కిటికీలు మూసుకునేవాళ్లం. మూసిన కిటికీల్లోంచి కూడా ఆమె పోపు వాసన మాత్రం వచ్చేది. "పెద్దమ్మగారూ" అని పిలిస్తే, "గారు గీరు వద్దు బిడ్డా, పరాయోళ్ల లెక్క" అని మొదటిరోజే కొట్టేసింది. మేమా, అన్నంలోకి అన్నమే నంజుకునే జాతి. మా ఇంటికి బియ్యం బస్తా దిగినప్పుడల్లా ఆమె గుమ్మంలోకి వచ్చి గింజ చూసి, తన ఇంట్లో బియ్యం ఇంకా సన్నవని చెప్పి తృప్తిగా వెళ్లేది.

ఆ సన్నబియ్యం వెనక పెద్ద కథ ఉంది. పెద్దమ్మ చిన్నతనమంతా జొన్నరవ్వ ఉడికించిన గటక మీదే గడిచింది. తెల్లన్నం పండగకో, చుట్టం వస్తేనో. పొలంలో కొంత ఫ్యాక్టరీల కింద పోయి, కొడుకు జిన్నారం వైపు మందుల కంపెనీలో చేరాక, ఇంట్లో మూడు పూటలా అన్నం వండించడం మొదలుపెట్టింది. పళ్లెంలో ఆ తెల్లటి కుప్పను చూస్తే ఆమెకు తను జీవితంలో గెలిచినట్టు ఉండేది. చుట్టానికి జొన్నరొట్టె పెడితే ఇజ్జత్ పోతుందని గట్టిగా నమ్మే మనిషి.

అలాంటి మనిషికి రాయి తగిలి కాలి బొటనవేలు పుండు పడింది. ఎన్నాళ్లకూ మానలేదు. సంగారెడ్డి తీసుకెళ్తే, డాక్టరు షుగరు బాగా పెరిగిందని మాత్రలు రాసి, అన్నం తగ్గించి జొన్నరొట్టె, ఆకుకూరలు, పప్పు తినమన్నాడు. మాట వినకపోతే వేలు తీసేయాల్సి వస్తుందని కూడా చెప్పాడు. ఆమె ఇంటికొచ్చి నా దగ్గర కూర్చుని ఏడ్చింది. "నేను గటక తిని తిని పెరిగిన, బిడ్డా. నా కొడుకు నౌకరి జేసి తెల్లబువ్వ పెడ్తుంటే, మళ్ల జొన్నలు తినుమంటడేంది గా డాక్టరు? సూసినోళ్లు ఏమనుకుంటరు? ముసల్దానికి కొడుకు బువ్వ పెడ్తలేడనుకోరా?" మాత్రలైతే వేసుకునేది. కోడలు చేసిన రొట్టెలు మాత్రం తీసుకెళ్లి బర్రెకు పెట్టేది. ఆ రోజుల్లో ఆ బర్రె నిగనిగలాడుతూ ఉండేది.

అప్పుడే మావారికి కూడా షుగరు హద్దు దగ్గర ఉందని కంపెనీ డాక్టరు హెచ్చరించాడు. ఇంకేముంది, నేను రొట్టెలు నేర్చుకోక తప్పలేదు. అడగ్గానే పెద్దమ్మకు హుషారొచ్చింది. తను తినడం వేరు, వేరేవాళ్లకు నేర్పడం వేరు కదా! కంపెనీ బస్సులు వెళ్లిపోయాక ఆమె వంటింట్లో పాఠం. కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చుని, "నీళ్లు మసలాలె. సల్లారినయంటే రొట్టె పలుగుతది, సూడు" అనేది. నీళ్లు మసిలినా నా చేతిలో రొట్టె పగిలేది. పీట మీదే సగం, పెనం మీదికి పోతూ సగం.

ఆ ఇంట్లో గటక రోజుల నాటి పద్ధతి ఒకటి ఉంది. నిండు రొట్టెలు మగవాళ్లకు. పగిలినవి వంటింట్లోని ఆడవాళ్లకు. నోటికాడి తిండి పారేయకూడదు, నా ముందు బర్రెకు పెడితే నేను చిన్నబుచ్చుకుంటానని మొహమాటం. దాంతో నా పగిలిన రొట్టెలన్నీ ఆమె తినడం మొదలుపెట్టింది, మేం గోంగూర అనే పుంటికూర పప్పుతోనో, ఎల్లిపాయ కారంతోనో. "పరేషాన్ గాకు బిడ్డా, పలిగినా రొట్టె రొట్టెనే" అని నన్ను ఓదారుస్తూ తినేది. కడుపు నిండిపోయి మధ్యాహ్నం అన్నం దానంతటదే తగ్గింది. ఆ సంగతి నాకు తట్టనే లేదు, రొట్టె రావడం లేదన్న దిగులులో ఉన్నాను.

ఒకరోజు నా రొట్టె గుండ్రంగా వచ్చి, పెనం మీద పొంగింది. ఎగిరి గంతేసినంత పని చేశాను. కోడలు నన్ను చెయ్యి పట్టుకుని నీళ్ల డ్రమ్ము చాటుకు లాక్కెళ్లింది. "అక్కా, నీ కాళ్లు మొక్కుత, జల్దీ నేర్సుకోకు. నీకు రొట్టె వస్తే మా అత్త మళ్ల రొట్టె ముట్టదు. పుండు ఇప్పుడిప్పుడే ఎండుతున్నది." ఆ పిల్ల కళ్లల్లో భయం చూశాక నేను మర్నాటి నుంచి నీళ్లు చల్లారనిచ్చి పిండి కలపసాగాను. తెలిసిన పనిని తెలియనట్టు చేయడమంత కష్టం ఇంకోటి లేదు. మావారికి కోడలు చాటుగా చేసిచ్చిన రొట్టెలు పట్టుకెళ్లేదాన్ని. ఆయన అవి నావేననుకుని మెచ్చుకునేవారు. నేనూ కాదనలేదు.

చలికాలం పోయేసరికి వేలు మానింది. ఇక కోయాల్సిన పని లేదని డాక్టరు చెప్పిన మర్నాడు, నేను అలవాటుగా నీళ్లు దించి పక్కన పెట్టాను. పెద్దమ్మ గిన్నె మీద చెయ్యి పెట్టింది.

"ఇగ చాలు బిడ్డా. నీ చేతికి రొట్టె ఎప్పుడో వచ్చింది. సల్లటి నీళ్లు పోసుడు నాకు కానొస్తలేదా?"

కోడలూ నేనూ తల వంచుకున్నాం. కోడలే అడిగింది, "మరెందుకు తిన్నవ్ అత్తమ్మా?"

"మీరిద్దరు గంత కష్టపడి పలగ్గొడ్తుంటె, తినకుంటె ఎట్లనే?" అని నవ్వి, "నీళ్లు మళ్ల పొయ్యి మీద వెట్టు. ఇయ్యాల నాకొక మంచి రొట్టె చేసివ్వు" అంది.

చేశాను. మసిలే నీళ్లతో పిండి కలిపి, అంచు పగలకుండా నిదానంగా తట్టాను. ఆ నిండు రొట్టె పళ్లెంలో పెట్టుకుని ఆమె వంటింట్లోంచి లేచి, వీధి వసారాలోకి వెళ్లి కూర్చుంది. దారిన పోయే ఒకామె ఆగి, "ఏంది వదినె, జొన్నరొట్టె తింటున్నవా?" అని అడిగింది. "అవ్, మా బిడ్డ చేసింది. నువ్వు గూడ తింటవా, రా" అని పెద్దమ్మ వీధంతా వినపడేలా చెప్పింది.

ఆ తర్వాత ఆమె తన రెండు కాళ్ల మీద తిరుగుతూ చాలా ఏళ్లు బతికింది. మంచి తిండి ఆయుష్షు పెంచుతుందని అందరూ చెబుతారు. అలా పెరిగిన ఏళ్లు ఆమెకంటే, ఆమెను పెద్దదిక్కుగా చేసుకున్న మాకే ఎక్కువ అక్కరకొచ్చాయి, అవీ ఇట్టే గడిచిపోయాయి.