చెయ్యి అందేంత దూరం

మా మనవరాలు స్వాతికి కాన్పయిన వారానికి ఇంటికి ఒక పెద్ద అట్టపెట్టె వచ్చింది. విప్పగానే గదంతా కొత్త చెక్క వాసన, వార్నిష్ వాసన కమ్ముకున్నాయి. మంచానికి ఆనించి వేసుకునే పసిపిల్లల తొట్టి. బిడ్డను ఒళ్లో పెట్టుకుని "అమ్మమ్మా, బాగుందా?" అని స్వాతి అడిగింది. ఆ వాసనకి రమణమ్మక్క నా పక్కనే నిలబడి, చీర చెంగు నడుముకు దోపుకుంటూ, "అట్టా నిలబడి చూస్తే ఏం తెలుస్తాదమ్మే?" అంటున్నట్టే ఉంది. ఆమె పోయి చాలా ఏళ్లయింది.

రమణమ్మక్క నా తోడికోడలు, మా బావగారి భార్య. మా అత్తగారి ఊరు నెల్లూరు జిల్లాలో, విడవలూరు దగ్గర. నేను కాపురానికి వెళ్లేటప్పటికి ఆ ఇంట్లో వడ్ల గాదె నుంచి పాల మీద మీగడ దాకా అన్నీ ఆమె చేతి కిందే ఉండేవి. నోరు పెద్దది. నేను చేసిన పులుసు ఒక ముద్ద తిని, "ఉప్పు కోవూరులోనే బస్సు దిగిపోయినట్టుంది, మన ఊరిదాకా రాలా" అనేది. అందరూ నవ్వేవాళ్లు. నేను వంటింట్లోకి పోయి ఏడ్చేదాన్ని. ఆ వెక్కిరింతలో ఉన్న చనువును గుర్తుపట్టే తెలివి నాకు ఆ వయసులో లేదు.

నా మొదటి బిడ్డ మగపిల్లవాడు. అమ్మగారింట్లో పుట్టాడు, మూడో నెలలో అత్తగారింటికి తీసుకువచ్చాం. ఆ ఇంటికి ఒక పెద్ద ఉయ్యాల ఉంది. నడవలో దూలానికి ఇత్తడి గొలుసులతో వేలాడుతూ ఉండేది. మా మామగారు, ఆయన కొడుకులు, అక్క పిల్లలు అందరూ అందులో ఊగినవాళ్లే. మా వాడినీ అందులోనే వేశాం. ఒక రోజు నాకు ఒళ్లు వెచ్చబడితే "నువ్వు పోయి పడుకో, బిడ్డ దగ్గర నేనుంటాలే" అని అక్క నన్ను గదిలోకి పంపింది. తెల్లారి లేచి వెళ్లేసరికి బిడ్డ చల్లబడిపోయి ఉన్నాడు. జబ్బు లేదు, ఏడుపు లేదు. ఎందుకు పోయాడో డాక్టరమ్మ కూడా చెప్పలేకపోయింది. ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు, అక్క కూడా. కానీ అప్పటి నుంచి ఆమె నా పులుసుకు వంక పెట్టడం మానేసింది. విచిత్రం ఏమిటంటే, ఆ వంకల కోసం నేను ఎదురుచూసేదాన్ని.

1960ల మొదట్లో, రెండోసారి నెల తప్పాక, నాకు పగలూ రాత్రీ ఒకటే ఆలోచన. ఈ బిడ్డ నా చేతికి అందేంత దూరంలో పడుకోవాలి. పక్కలో వేసుకుందామంటే నిద్రలో ఎక్కడ మీద పడతానో అని భయం. అత్తగారేమో "ఇంటి బిడ్డ ఇంటి ఉయ్యాల్లోనే పెరగాల" అని తేల్చేశారు. మా ఆయన తల్లి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. కడుపులో పెట్టుకోలేక ఒక రోజు బావి దగ్గర అక్కకు చెప్పుకున్నాను. ఆమె బిందె తోమడం ఆపి నా వంక చూసింది, మళ్లీ తోముకుంది. ఈమెకెందుకు చెప్పానా అనిపించింది.

తొమ్మిదో నెలలో నెల్లూరుకు, డాక్టరమ్మ దగ్గరకు, నన్ను అక్కే తీసుకువెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండు వైపు కాకుండా మంచాలు, తొట్లు చేసే వీధిలోకి మళ్లింది. పుట్టకముందే బిడ్డకు ఏదీ కొనకూడదని మా పట్టింపు. అందులోనూ నేను ఒకరిని పోగొట్టుకున్నదాన్ని.

"వద్దక్కా, పోదాం పద" అన్నాను.

"కొంటే గదా తప్పు. చూసేదానికేం?" అంది.

కరీం సాయిబు అనే పెద్దాయన కొట్టు అది. అన్నీ కాళ్ల మీద నిలబడే తొట్లు, నాలుగు వైపులా చువ్వలు. నేను చిలకలు చెక్కిన ఒక తొట్టి దగ్గర ఆగిపోయాను. అక్క ఆ చిలకల వంక చూడనైనా లేదు. అమ్మకానికి పెట్టిన నవారు మంచం ఒకటి దాని పక్కకు లాగి, చెప్పులు విడిచి, వీధిలో పోయేవాళ్లు చూస్తుండగా దాని మీద వెల్లకిలా పడుకుంది. కళ్లు మూసుకుని చెయ్యి చాపింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇది పనికిరాదు సాయిబూ. ఈ పక్క చువ్వలు తీసెయ్యాల" అంది, చెయ్యి చువ్వలకు తగిలించుకుని.

"బిడ్డ పడిపోడా తల్లీ?"

"యాడ పడతాడు? ఆ పక్కన అమ్మ మంచం ఉంటాది గదా. రెండూ ఒకే ఎత్తుండాల. కన్ను తెరవకుండా చెయ్యేస్తే బిడ్డ తగలాల."

సాయిబు ఒక పక్క చువ్వలు ఊడదీసి, తొట్టిని మంచానికి ఆనించాడు. అక్క మళ్లీ కళ్లు మూసుకుని ఖాళీ తొట్టిలో తడిమింది. తడుముతూనే ఉంది. చూడలేక అవతలి వైపు నుంచి నా చెయ్యి అందులో పెట్టాను. గట్టిగా పట్టుకుంది. అప్పుడు, నాకు మాత్రమే వినపడేటట్టు చెప్పింది.

"ఆ రోజు నేను ఉయ్యాల కిందే పడుకోనుండా సరోజా. మధ్యలో మెలకువొచ్చి చెయ్యెత్తినా. అందలా. సద్దు లేదు గదా, నిద్రపోతా ఉండాడులే అనుకోని మళ్లీ కన్ను మూసినా. లేచి చూడలా."

కడుపుకోత నా ఒక్కదానికే అనుకుంటూ ఒకే ఇంట్లో ఆమెతో అన్నాళ్లు తిరిగాను. "నీ తప్పేం లేదక్కా" అన్నాను. "సరేలే" అంది గానీ నా చెయ్యి వదల్లేదు. సాయిబు మా వైపు చూడకుండా చెక్క పొట్టు ఊడ్చుకున్నాడు. మేము బయల్దేరేటప్పుడు, "మా ఇంట్లోనూ అంతే తల్లీ, ముందుగా తెచ్చుకోం. బిడ్డ పుట్టినాక కబురు చెయ్యండి, పంపిస్తా" అన్నాడు.

ఆడపిల్ల పుట్టింది. తొట్టి ఎద్దుల బండిలో వచ్చి వాకిట్లో దిగింది. అత్తగారు ముఖం ముడుచుకుని, "ఒక పక్క అడ్డం లేని తొట్టేంది? ఇంటి ఉయ్యాల ఏం పాపం చేసింది?" అన్నారు. అత్తగారికి అక్క ఎదురు చెప్పడం నేను చూసింది ఆ ఒక్కసారే.

"పేరు ఉయ్యాల్లోనే పెడదాం అత్తా, పాటలూ పాడుకుందాం. పడుకునేది మాత్రం దీంట్లోనే. నేను బతికుండంగా ఈ బిడ్డ ఆ గొలుసుల కింద నిద్రపోదు."

అత్తగారు పక్కకు తప్పుకుని తొట్టికి దారి ఇచ్చారు. నేను మళ్లీ వంటింట్లోకి వచ్చిన రోజు అక్క పులుసు ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించి, "ఈసారి ఉప్పు మన పొలిమేర దాకా వచ్చినట్టుందే" అంది. నేను నవ్వాను, కొంచెం ఏడ్చాను కూడా.

ఆ పిల్లే స్వాతి వాళ్లమ్మ. అక్క పోయేటప్పుడు నేను చెన్నైలో ఈ కూతురి దగ్గరే ఉన్నాను. కబురంది రైలెక్కి వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఆఖరున కళ్లు మూసుకుని చెయ్యి చాపిందేమో, ఎవరి చెయ్యి తగిలిందో నాకు తెలియదు. ఆ దిగులు నన్ను ఇప్పటికీ వదల్లేదు.

"చెప్పవేం అమ్మమ్మా?" అని స్వాతి మళ్లీ అడిగింది. నేను తొట్టిని ఆమె మంచానికి ఆనించి, ఆ మంచం మీద వెల్లకిలా పడుకున్నాను. కళ్లు మూసుకుని చెయ్యి చాపాను. ఎత్తు సరిపోయింది. మెత్తటి పరుపు చేతికి తగిలింది. అక్కడే తడుముతూ ఉండిపోయాను. స్వాతి నవ్వి, అవతలి వైపు నుంచి తన వేళ్లు నా చేతిలో పెట్టింది.

"తగిలిందా?"

"తగిలింది. ఇది బాగుంది, ఉంచుకో" అన్నాను. కళ్లు మాత్రం తెరవలేదు. తెరిస్తే అది స్వాతి చెయ్యి అయిపోతుంది.