సూర్యకళ బోర్డుకు బొట్టు

భీమవరంలో ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లే రోడ్డులో, నా జిరాక్స్ షాపు పక్కనే సూర్యకళ షాపు. ఆవిడ అమ్మేవి మైక్రోకంట్రోలర్ బోర్డులు. అవేమిటని ఆవిణ్ణి అడగడానికి మొహమాటపడి మొదట్లో చాలామంది నన్ను అడిగేవారు. అగ్గిపెట్టెంత పచ్చ రేకు, మధ్యలో నల్లటి చిప్పు, అంచుల వెంట సన్నటి లోహపు కాళ్లు. ఏ పని నేర్పితే ఆ పని చేస్తుంది. లైటు వెయ్యమంటే వేస్తుంది, మోటారు ఆపమంటే ఆపుతుంది. నేర్పేవాడికి బుర్ర ఉండాలంతే అని చెప్పి పంపేవాణ్ణి.

సూర్యకళ ఒక కాలేజీ ల్యాబులో అసిస్టెంటుగా పనిచేసి, ఒకరి కింద ఇమడలేక మానేసి ఈ షాపు పెట్టింది. ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెదొక దారి అన్నారు, ఆ ఉలిపికట్టెకు ఆడపేరు పెడితే సూర్యకళే. తను సొంతంగా గీసిన బోర్డు నమూనా, దానికి రాసిన ప్రోగ్రాం, మొత్తం తీసుకెళ్లి ఇంటర్నెట్లో పెట్టేసింది. ఓపెన్ సోర్స్ అంటే అదేనట. ఎవరైనా చూడొచ్చు, చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. ఆ సంగతి తెలిసిన రోజు ఆవిడ అత్తగారు రత్నమాణిక్యం గారు షాపుకొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఆవకాయ కొలతలు ఊరంతా చెప్పేసి, ఇప్పుడు ఆవకాయ అమ్ముకుంటానంటావేంటే?"

"కొలతలు అందరికీ తెలిసినవే కదండీ అత్తయ్యగారూ. అందరి ఆవకాయా ఒకేలా ఉంటుందా ఏంటి?"

నా ఓటు అత్తగారికే పడింది. ఎందుకంటే ఆ నమూనా చూసి రాజమహేంద్రవరంలో యుగంధర్ అనే అతను అచ్చం అదే బోర్డు చేయించి, తక్కువకు అమ్మడం మొదలుపెట్టాడు. సూర్యకళ మాత్రం "అమ్ముకోమనే కదా పెట్టాను" అని ఊరుకుంది.

కాలేజీ పిల్లలు ప్రాజెక్టుల సమయంలో వస్తారు, ఆ తర్వాత కనబడరు. షాపు నిలబడాలంటే చెరువుల్లోకి దిగాలని సూర్యకళ నిశ్చయించుకుంది. రొయ్యల చెరువులో నీటిని చిలికే ఏరేటరు ఆగిపోతే రొయ్యకు ఊపిరి ఆడదు. అది ఆగిన సంగతి రైతుకు తెలిసేసరికి రొయ్యలు తేలిపోతాయి. ఏరేటరు ఆగిన వెంటనే రైతు ఫోనుకు కాల్ చేసే బోర్డులు తయారుచేసి, డబ్బాల్లో బిగించి, వాడి చూడమని రొయ్యల రైతు పల్లంరాజు గారికి ఇచ్చింది. పది చెరువుల రైతులకు ఆయన మాటే మాట. ఈ పంటలో నిలబడితే అందరం తీసుకుంటామన్నారాయన. ఉన్నదంతా ఆ డబ్బాల మీదే పెట్టింది సూర్యకళ. రాజుగారు సరేనంటే షాపు ఉంటుంది, కాదంటే మూతే. ఇందులో మధ్యేమార్గం లేదు.

వారం తిరక్కుండానే బోర్డులు తిరిగి రావడం మొదలైంది. కొన్ని పలకడం లేదు. కొన్ని ఏరేటరు తిరుగుతూ ఉన్నా కాల్ చేసి రైతుల్ని పరుగులు పెట్టిస్తున్నాయి. సూర్యకళ ఒక్కొక్కటీ విప్పి భూతద్దం కింద పెట్టి చూసింది. శుభ్రంగా, కడిగిన ముత్యంలా ఉన్నాయి. కాళ్ల సందుల్లో మాత్రం ఆకుపచ్చగా చిలుము.

"చైనా సరుకమ్మా, అంతే" అన్నాను.

"నా చేత్తో అతికించిన సరుకండి చినబాబు గారూ ఇది" అంది. ఆ తర్వాత నేను ఆ మాట ఎత్తలేదు.

ఉప్పుగాలి అనుకుంది. మూతకు రబ్బరు పట్టీ వేసి మళ్లీ ఇచ్చింది. మళ్లీ వచ్చాయి. అదే శుభ్రం, అదే చిలుము. పల్లంరాజు గారు ఫోన్ చేశారు.

"ఏమీ అనుకోకండమ్మా. మీరు కష్టపడుతున్నారు, కాదన్ను. కానీ మా రైతులు నన్ను చూసి నవ్వుతున్నారండి. ఇంకొక్కసారి చూస్తాను. అదీ పోతే అన్నీ మీ షాపుకి పంపించేస్తాను."

ఫోన్ పెట్టేశాక సూర్యకళ బల్ల మీది బోర్డులన్నీ సర్దింది. షాపు ఖాళీ చేస్తుందేమో అనుకున్నాను. ఆవిడ లేచి, కొత్త డబ్బా ఒకటి సంచిలో వేసుకుని, హెల్మెట్ తీసుకుంది.

"ఇక్కడ కూర్చుంటే తెలియదండి. అక్కడ డబ్బా చేతికిచ్చిన దగ్గర్నుంచి ఏం చేస్తారో కళ్లారా చూడాలి. మీరూ రండి, నేను ఎక్కడైనా పొరబడితే చెబుదురుగాని."

నేను ఆవిడ స్కూటీ వెనకాల కూర్చుని, దారిపొడవునా తెలిసినవాళ్లకు మొహం చాటేస్తూ, చెరువు గట్టుకు చేరాను.

రాజుగారి భార్య దేవకుమారి గారు తలస్నానం చేసి పళ్లెంతో సిద్ధంగా ఉన్నారు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. కొత్త వస్తువు వచ్చింది కదా మరి. ఫోను సిమ్ము వేసుకోవడానికి డబ్బా మూత ఎలాగూ విప్పాలి. రాజుగారు నాలుగు మరలూ విప్పారు. దేవకుమారి గారు తడిపసుపు ముద్ద తీసి బోర్డు నాలుగు మూలలా అద్ది, మధ్యలో ఉన్న నల్లచిప్పుకు నిండుగా కుంకుమబొట్టు పెట్టారు. కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు చేత్తో బోర్డు మీద చిలకరించారు. దణ్ణం పెట్టుకుని మూత బిగించమన్నారు.

నేను నోరు మూసుకోవడానికి చాలా ప్రయత్నించాను. కుదరక పకపకా నవ్వేశాను.

"నవ్వుతారేంటండి?" అన్నారు దేవకుమారి గారు కోపంగా.

"బొట్టు పెట్టాలంటే పైన డబ్బాకి పెట్టొచ్చు కదండీ!"

"పనిచేసేది డబ్బానా, లోపలిదా? ఇంజనుకు పెడతాం గానీ, ఇంజను షెడ్డుకు పెట్టి వచ్చేస్తామా?"

సూర్యకళ మెల్లగా అడిగింది. "మరి నా దగ్గరికి వచ్చినవాటికి పసుపు మరకే లేదండి?"

"ఒకరి వస్తువు మరకలతో తిరిగిస్తారా ఎవరైనా? తడిగుడ్డతో శుభ్రంగా తుడిచే పంపించాం."

పల్లంరాజు గారికి అప్పటికి విషయం అర్థమైంది. తల వంచుకుని గట్టు మట్టిని కాలితో రాస్తున్నారు. "ఇకమీదట పూజ చెయ్యొద్దని చెప్పేస్తే సరిపోతుందమ్మా" అన్నాను నేను.

"ఎలా చెబుతామండి?" అంది సూర్యకళ. "ఈ జిల్లాలో బొట్టు పెట్టకుండా మోటారు వేసినవాళ్లు ఉన్నారా? నేనూ ఇక్కడే పుట్టాను, నాకు తోచొద్దూ? ఉప్పుగాలి అంటాను, తేమ అంటాను, కొబ్బరికాయ సంగతి మాత్రం గుర్తురాదు. తప్పు మీది కాదండి, నాదే. మీరు పూజ మానకండి. తట్టుకునే బోర్డు తెస్తాను."

ఆ వారమంతా ఆవిడ షాపులో పసుపు, కుంకుమే. బోర్డుకు తడి చొరబడని సన్నటి జిగురుపూత వేయడం, ఆరబెట్టడం, దాని మీద తడిపసుపు మెత్తడం, కొబ్బరినీళ్లు పొయ్యడం. పోతే మళ్లీ మొదలు. కాళ్ల సందుల్లోకి పూత పట్టేదాకా వదల్లేదు. కొట్టిన కాయలన్నీ మా ఇంటికొచ్చాయి. కొబ్బరిపచ్చడి పేరెత్తితే మా ఆవిడ ఇప్పటికీ కొట్టేలా చూస్తుంది.

చివరికి బోర్డు నిలిచింది. సంతోషించి ఊరుకోవచ్చు కదా! తన బోర్డు ఎందుకు పోయిందో, ఏ పూత వేస్తే ఆగిందో, ఫొటోలతో సహా ఇంటర్నెట్లో పెట్టింది. అక్కడితో ఆగక యుగంధర్‌కు ఫోన్ చేసి, మీ బోర్డుల్లోనూ ఇదే లోపం ఉంటుంది, పూత వేయించండి అని విడమరిచి చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత పిచ్చిమాలోకాన్ని నా జన్మలో చూడలేదని మొహం మీదే అన్నాను.

యుగంధర్‌కు చెప్పిన సంగతి రాజుగారి చెవినా పడింది. కొత్త బోర్డుతో మేం చెరువు గట్టు ఎక్కేసరికి పది చెరువుల రైతులూ ఉన్నారు. రాజుగారి మొహం ముడుచుకుని ఉంది.

"మా చెరువుల మీద, మా రొయ్యల మీద నేర్చుకున్నది పోటీవాడికి ఎందుకు చెప్పారమ్మా? ఇలాగైతే మీతో మేం ఎలా నడుస్తామండి?"

సూర్యకళ డబ్బాను రాజుగారి ముందు పెట్టింది.

"ఆయన బోర్డులు కూడా చెరువుల మీదే ఉన్నాయండి. అది మోగకపోతే చచ్చేది ఆయన కాదు, రొయ్య. మీకు నచ్చకపోతే ఇది పట్టుకెళ్లిపోతాను. చెప్పింది మాత్రం వెనక్కి తీసుకోలేను."

అయిపోయింది, షాపు మూతే అనుకున్నాను. దేవకుమారి గారు పళ్లెం పట్టుకుని ముందుకొచ్చారు.

"కాలవ అవతల మా తమ్ముడి చెరువండి. వాడు కొన్నది ఆ రాజమండ్రి బోర్డే" అన్నారు భర్త వంక చూడకుండా. "మూత విప్పండి."

రాజుగారు మారుమాట లేకుండా విప్పారు. ఆవిడ ఈసారి పసుపు ధారాళంగా రాశారు. చిలకరించడం కాదు, కాయ కొట్టి నీళ్లు మొత్తం పోసేశారు. నీళ్లు వంపేసి, మూత బిగించి, ఏరేటరు ఆపమన్నారు. చక్రాలు నెమ్మదించి ఆగాయి. చెరువు నిశ్శబ్దమైపోయింది. అందరి కళ్లూ రాజుగారి జేబు మీదే.

ఫోను మోగింది.

ఎవరో ఈల వేశారు. నేను చప్పట్లు కొట్టాను. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. రాజుగారు ఫోను ఎత్తకుండా అరచేతిలో పెట్టుకుని, "ఆయ్, మోగుతుందండీ, మోగుతుంది!" అని ఒక్కొక్కరికీ చూపిస్తున్నారు. "మిగతా చెరువులకు ఎప్పుడు పెడతారమ్మా?" అని రైతులు సూర్యకళ చుట్టూ మూగారు.

ఆవిడ ఎవరి మాటా వినడం లేదు. వాళ్లను తోసుకుంటూ స్విచ్చు వైపు పరుగెత్తుతోంది.

"ఫోను తర్వాత చూసుకోవచ్చండి! లోపల రొయ్యలున్నాయి, ముందు ఏరేటరు వెయ్యండి!"