వాస్తు చేపలు

మా ఆయన థర్మల్ స్టేషన్‌లో రిటైరయ్యాక చాలాకాలం సోఫాలోంచి లేవలేదు. పోనీ టీవీ చూస్తున్నారా అంటే అదీ లేదు. రిమోటు చేతిలో పట్టుకుని కిటికీలోకి చూస్తూ కూర్చునేవారు. కొండపల్లి దగ్గరి క్వార్టర్స్ వదిలి బెజవాడ ఫ్లాటుకి వచ్చామని దిగులా, పొద్దున్నే షిఫ్టు బస్సు హారన్ వినపడదని దిగులా అంటే నోరు విప్పరు. నాకసలే నోరెక్కువ. బళ్లో ఎంత గోల చేసే క్లాసైనా నేను గుమ్మంలో అడుగుపెడితే గప్‌చుప్. ఆ నోరు ఆయన దగ్గర మాత్రం ఎందుకూ కొరగాలేదు.

అలాంటి మనిషిని పాత స్నేహితుడొకాయన బలవంతాన గన్నవరం వైపు ఏలూరు కాలువ గట్టుకి తీసుకెళ్లారు. ఆ సాయంత్రం మోకాళ్ల దాకా బురదతో వచ్చి, "కొర్రమీను చేతిదాకా వచ్చి జారిపోయిందే!" అని పకపకా నవ్వారు. ఆయన నవ్వు విని ఎన్నాళ్లయిందో. నేను వంటింట్లోకి వెళ్లి కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆ బురద ప్యాంటు కిక్కురుమనకుండా ఉతికాను. గాలపు కర్ర నాకు మా ఆయన్ని తిరిగి తెచ్చిపెట్టిందని ఆ రోజే నాకు తెలుసు. తెలిసి కూడా తర్వాత అలా చేశాను.

కొర్రమీనుకి చచ్చిన ఎర పనికిరాదట. గాలానికి బతికున్న పరిగె కావాలి, నీళ్లలో మిలమిలా కదలాలి. పరిగెలంటే వేలెడంత ఉండే వెండి రంగు చేపలు. వానాకాలంలో ఏ పిల్లకాలువలో గుడ్డ ముంచినా దొరుకుతాయి. వరి కోతలై పొలాలు ఎండిపోయాక మాత్రం దొరకవు. అందుకని మా ఆయన కోతలకి ముందే పట్టుకొచ్చి, చలికాలమంతా మా బాల్కనీలో నీలం డ్రమ్ములో పెంచేవారు.

పెంచడమంటే అల్లాటప్పాగా కాదు. కుళాయి నీళ్లు తిన్నగా పోస్తే అందులోని క్లోరిన్‌కి చచ్చిపోతాయని, ముందు రోజే టబ్బులో పట్టి ఎండలో ఉంచేవారు. మార్చినప్పుడు కూడా నీళ్లన్నీ మార్చరు, కొన్ని తోడేసి కొన్ని పోస్తారు. చలికి వాటి ఆకలి మందగిస్తుందట. తవుడు ఒక్క చిటికెడు చల్లి, అవి తిన్నాయో లేదో వంగి చూసేవారు. తినకుండా మిగిలింది కుళ్లితే నీళ్లు పాడవుతాయి. మంచు ఎక్కువగా పడుతుంటే డ్రమ్ము చుట్టూ గోనెపట్టా చుట్టేవారు. ఎగిరి బయటపడకుండా పైన దోమతెర. గాలి కోసం చిన్న మోటారు, బుడబుడమంటూ. "మన పిల్లాడికి జ్వరమొచ్చినప్పుడు కూడా మీరింత చెయ్యలేదు" అని దెప్పేదాన్ని. "వాడు ఏడ్చి చెప్పేవాడు కదే, ఇవి చెప్పలేవు" అనేవారు.

నాకు ఆ డ్రమ్ము ఇష్టమే. ఎవరి కంటా పడనంతవరకు.

నా సంగతి కొంచెం చెప్పాలి. మాది కూచిపూడికి దగ్గర్లో ఒక చిన్న ఊరు. మా నాన్న ఊళ్లోవాళ్ల పొలాల్లో కూలికెళ్లేవాడు. పిల్లకాలువకి అడ్డంగా మట్టికట్ట వేసి, నీళ్లు తోడి, తువ్వాల నిండా పరిగెలు తెచ్చేవాడు. అమ్మ చింతకాయ వేసి పులుసు పెట్టేది. ఆ పులుసన్నం తిని బడికెళితే పక్కనున్న పిల్ల ముక్కు మూసుకుని, పలక పట్టుకుని అవతలికి జరిగింది. "నీచు వాసన" అంది. ఆ పిల్ల ఇంట్లోనూ చేపలు తింటారు. అయినా వాసన మాత్రం మాది. నేను తెలుగు టీచర్నయ్యాక కూడా నీచు అన్న మాట, నీచం అన్న మాట ఒకే బోర్డు మీద ఎప్పుడూ రాయలేదు. కొమ్ము తీసి సున్నా పెడితే చాలు, ఇది అదైపోతుంది. పిల్లలెవరైనా అడుగుతారేమోనని భయం.

ఇక లిఫ్టులో జరిగింది. పోయిన చలికాలం మొదట్లో, ఆయన పరిగెల క్యాను పట్టుకుని కాలువ నుంచి వచ్చారు, నేను కూరగాయలు కొనుక్కుని వచ్చాను, ఇద్దరం కింద కలిశాం. తలుపు మూసుకోబోతుంటే మా ఎదురింటావిడ రెండు చేతులా సంచులతో గబగబా ఎక్కింది. మంచిదే, నన్ను వదినగారనీ మా ఆయన్ని అన్నయ్యగారనీ పిలుస్తుంది. ఎక్కీ ఎక్కగానే మొహం చిట్లించి అంది.

"ఏమనుకోకండి వదినగారూ, నీచు వాసన..."

అంతే. నా ఒంట్లో రక్తమంతా మొహంలోకి వచ్చింది. ఆవిడ కళ్లు క్యాను మీద ఉన్నాయి, తెల్ల ప్లాస్టిక్‌లోంచి కదిలే నీడలు కనిపిస్తున్నాయి. ఆవిడ వాక్యం పూర్తయ్యేలోపే నా నోరు తెరుచుకుంది.

"ఇవి తినేవి కాదండీ! వాస్తుకి. ఇంట్లో చేపలుంటే మంచిదని ఎవరో చెప్తే తెచ్చాం."

వాస్తు! నేను! ప్రతి ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషిని! ఎలా వచ్చిందో ఆ మాట. మా ఆయన నా మొహంలోకి ఒక్కసారి చూసి, తర్వాత లిఫ్టు బటన్ల వైపు చూస్తూ నిలబడ్డారు. ఎదురింటావిడ చెప్పబోయింది చెప్పడం మర్చిపోయి, "అవునా అండీ! ఈశాన్యంలో పెట్టాలంటారండీ" అంది.

ఆ మర్నాటి నుంచి ఆయన కాలువకి వెళ్లలేదు. మొదట ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. డ్రమ్ము పని మాత్రం ఏదీ మానలేదు, నీళ్లు, తవుడు, గోనెపట్టా అన్నీ యథాప్రకారం. గాలపు కర్ర తలుపు వెనకే ఉంది. సాయంత్రాలు మళ్లీ సోఫా, మళ్లీ రిమోటు.

పైగా ఎదురింటావిడ అందరికీ చెప్పేసింది. క్రిస్మస్‌కి మా చర్చి సంఘం వాళ్లు మా ఇంట్లో క్యారల్స్ పాడి కేకు తింటుంటే వచ్చి, "టీచరుగారికి వాస్తంటే ఎంత నమ్మకమో! చేపల్ని కంటికి రెప్పలా చూసుకుంటారు" అని పాస్టరుగారితోనే అంది. పాస్టరుగారు కేకు నములుతూ గుమ్మానికి కట్టిన స్టార్ వైపు చూశారు. నేను "టీ తెస్తానండీ" అని లోపలికి పరిగెత్తాను. స్టవ్వు ముందు నిలబడితే చెవులు కాలిపోతున్నాయి. ఛీ, వెధవ బతుకు, ఒక్క అబద్ధానికి ఇన్ని చోట్ల తలదించుకోవాలా అనిపించింది.

సంక్రాంతి వెళ్లాక ఒక పొద్దున ఎండ బాగా కాసింది. అలాంటి పూట కొర్రమీను గట్టు పక్కకి వస్తుందని ఆయనే చెప్పేవారు. ఇక ఉండబట్టలేక అడిగాను.

"ఏమండీ, ఇవాళ వెళ్లరాదూ?"

ఆయన తవుడు చల్లుతూ తలెత్తకుండానే అన్నారు, "వాస్తు చేపల్ని ఎవరైనా గాలానికి గుచ్చుతారటే?"

వెటకారంగా అన్నా బాగుండేది. మామూలుగా అన్నారు. నన్ను చెంప మీద కొట్టినట్టయింది. నేను లోపలికి వెళ్లి క్యాను తెచ్చాను, చిన్న వలతో చేతికందినన్ని పరిగెలు దేవాను. చీర కుచ్చిళ్లు తడిసిపోయాయి. "ఏంటే ఇది?" అంటున్నారు. "మాట్లాడకండి, కర్ర తీసుకోండి" అన్నాను. క్యానుకి మూత పెట్టలేదు, కావాలనే పెట్టలేదు. వెళ్లి ఎదురింటి బెల్లు కొట్టాను.

ఆవిడ తలుపు తీసి, "అయ్యో, వాస్తు చేపల్ని ఎక్కడికండీ వదినగారూ?" అంది.

"వాస్తూ లేదు గీస్తూ లేదండీ. ఇవి ఎర చేపలు. మా ఆయన గాలం వేసి కొర్రమీను పడతారు, మేం పులుసు పెట్టుకుని తింటాం. ఆ రోజు లిఫ్టులో నీచు వాసన మాదేనండీ. అబద్ధం చెప్పాను."

పాఠం అప్పజెప్పలేని పిల్లలా నిలబడ్డాను. ఆవిడ తెల్లబోయింది.

"మీదేంటండీ! ఆ రోజు నా సంచిలోంచి రొయ్యల నీళ్లు కారిపోయి లిఫ్టంతా కంపు కొట్టింది. అదే చెప్పబోయాను, ఏమనుకోకండి అని. మీరు వాస్తనేసరికి నేనా మాటే మర్చిపోయా. అయినా కొర్రమీను పడతారని ముందే చెప్పొద్దూ! ఈసారి పడితే మాకో రెండు ముక్కలు పంపాలి."

ఆ రోజు లిఫ్టులో నన్ను ఎవరూ ఏమీ అనలేదు. ఎవరో ఏదో అన్నారనుకుని నా మొగుడి సంతోషాన్ని నా చేత్తో నేనే డ్రమ్ములో వేసి మూత పెట్టాను.

లిఫ్టులో ఇద్దరమే ఉన్నాం. ఆయన కర్ర పట్టుకుని మూలకి నిలబడ్డారు.

"రొయ్యల సంచి నేను ఆ రోజే చూశాను. కింద బొట్లు బొట్లుగా కారుతోంది" అన్నారు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

ఆయన కర్ర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నారు.

"నువ్వు దాస్తోంది వాసన్నేమో అనుకుంటే చెప్పేవాణ్ణే. నీ మొహం చూస్తే అలా అనిపించలేదు. నన్ను దాస్తున్నావేమో అనుకున్నా."

లిఫ్టు కిందికి వచ్చి తలుపు తెరుచుకుంది. కాదండీ అని అనాలి. నోరు రాలేదు, అంత నోరూ ఆ పూట నాకు రాలేదు. నీళ్లు తొణకకుండా క్యాను రెండు చేతులతో పట్టుకుని, ఆయన వెనకాలే స్కూటరు దాకా నడిచాను.