రీసెట్టు మీద బొటనవేలు

పళ్ళ మేస్త్రికి భయపడటం చేతనైనంత బాగా మరే పనీ చేతకాదు, ఒక్క పళ్ళు కట్టడం తప్ప. పళ్ళ డాక్టరు గారి ఆసుపత్రి వెనక గదిలో ఇరవై రెండేళ్ళుగా ఆయన కట్టుడు పళ్ళు తయారుచేస్తున్నాడు. ఊళ్ళో పెద్దమనుషుల నవ్వుల్లో సగం ఆయన చేతి పనే. ఆ పని మీద కూర్చుంటే చెయ్యి వణకదు. లేచి నిలబడితే మాత్రం లిఫ్టు భయం, కుక్క భయం, ఫోను మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం.

ఇలాంటి మనిషికి పాత వీడియో గేములు పోగుచేసే వ్యసనం ఎలా పట్టుకుందో ఆయన భార్యకు నేటికీ అర్థం కాలేదు. నడిమి గదిలో గాజు తలుపుల బీరువా, అందులో రెండు వందల పన్నెండు గేము క్యాసెట్టులు. అరచేయంత ప్లాస్టిక్ డబ్బా, లోపల ఒక ఆకుపచ్చ పలక, ముందు రంగుల బొమ్మ చీటీ. వాటిని మిషన్‌లో గుచ్చి ఆడుకోవాలని తయారుచేసినవాళ్ళ ఉద్దేశం. మేస్త్రి గారి శాస్త్రంలో ఆడటం మహాపరాధం. గుచ్చితే అంచులు అరుగుతాయి, ఆన్ చేస్తే కరెంటు దెబ్బ తగులుతుంది, చీటీకి వేలు తగిలితే చెమట అంటుతుంది. అందుచేత ఆయన చేతులు కడుక్కుని, తుడుచుకుని, బీరువా తెరిచి, చూసి, మూసేవాడు. ఏడాదికోసారి స్పిరిటుతో తుడిచేవాడు.

"చూసి మూయడానికేనా ఇంత సంత? నాకో చీరల బీరువా ఉంటే నేనూ అలాగే చూసుకునేదాన్ని," అనేది భార్య.

"అరుదైన సంపద," అనేవాడు.

"నిజమే, ఆడేవాడు లేకపోవడం అరుదే."

ఆ రెండు వందల పన్నెండిట్లో ఆయన ప్రాణం ఒక్కదాని మీదే ఉంది. అది పడవవాడి ఆట. ఏడు దీవులు దాటి చివరి కోట తలుపు తెరవాలి. అది అక్కది.

అక్క బస్సు డిపోలో కంట్రోలరు. రెండు వందల మంది డ్రైవర్లు ఆవిడ ఈల వింటే చేతిలో టీ కింద పెట్టి లేస్తారు. చిన్నప్పుడు ఆ ఆటను ఆవిడే ఆడేది. ఆవిడ క్యాసెట్టు గుచ్చేదాకా తమ్ముడు పక్కన కూర్చుని దాని మూల కొరుకుతూ ఉండేవాడు. ఆ పంటి గాటు ఇప్పటికీ ఉంది. ఆట ఆపే ముందు మరిచిపోకూడని విధి ఒకటి ఉండేది: రీసెట్టు మీట నొక్కి పట్టుకుని, పట్టుకునే ఉండి, అప్పుడు స్విచ్చి ఆపాలి. మీట వదిలితే అంతవరకు ఆడింది తుడిచిపెట్టుకుపోవచ్చు. అక్క రెండు చేతులకూ వేరే పని ఉండేది కనుక మీట బాధ్యత తమ్ముడిది. ఆ పదవికి ఆమె ఇచ్చిన బిరుదు "దోమ". పేరు రాసుకునే గళ్ళలో తనకు నాలుగు ఇంగ్లీషు అక్షరాలతో "బాస్" అనీ, వాడికి "దోమ" అనీ రాసింది. ఆరు దీవులు గెలిచాక ఉద్యోగం వచ్చింది. వెళ్ళేటప్పుడు, "నేను లేకుండా ఆ తలుపు తియ్యకు," అంది. ఆయన తీయలేదు. మాట మీద గౌరవంతో అని చెప్పుకున్నాడు. నిజానికి ఏడో దీవి రాకాసి ముందు నిలబడే దమ్ము ఆయనకు లేదు.

ముప్పై ఏళ్ళుగా అక్క ఫోను చేసిన ప్రతిసారీ చివర్లో ఒకే మాట: "నా ఆట భద్రంగా ఉందా?" ఈయన: "ఉందక్కా."

అసలు సంగతి వేరు.

ఆరేళ్ళ క్రితం ఆయన అదే ఆట ఇంకొకటి, మెరిసిపోయే చీటీతో ఉన్నది, సంపాదించాడు. రెండూ విప్పి, రెండు ఆకుపచ్చ పలకలనూ స్పిరిటుతో తుడిచి, తువ్వాలు మీద ఆరబెట్టాడు. అక్కది ఎడమవైపు, కొత్తది కుడివైపు. అంతలో డాక్టరు గారి దగ్గర నుంచి ఫోను: ఎవరో పెళ్ళికొడుకు ముందు పన్ను విరిగింది, ఇంకో మూడు గంటల్లో ఫోటోలు. ఆయన పరుగెత్తాడు. వచ్చేసరికి తువ్వాలు బల్ల మీద లేదు. భోజనానికి చోటు కావాలని భార్య దాన్ని తీసి బీరువా మీద పెట్టింది.

"ఏది ఎటువైపు ఉండేది?" అని అడిగాడు.

"రెండూ ఒకటే కదండీ," అంది, అమాయకంగా, నిజాయితీగా, ఎప్పటికీ క్షమించరానంత సూటిగా.

మిషన్‌లో గుచ్చి ఆన్ చేస్తే నిమిషంలో తెలిసిపోయేది. అదే వచ్చిన చిక్కు. తెలిసిపోతుంది. కాబట్టి ఆయన ఒక ఊహ మీద, పంటి గాటు ఉన్న డబ్బాలో ఒక పలక పెట్టి, మెరిసే డబ్బాలో ఇంకొకటి పెట్టి బిగించాడు. మెరిసే డబ్బాను, తనలాగే గేములు పోగుచేసే లిఫ్టు బాబాయికి ముందే మాట ఇచ్చేశాడు కనుక, మర్నాడు ఇచ్చేశాడు. లేదని చెప్పాలన్నా భయమే కదా. ఆ రోజు నుంచి తేలు కుట్టిన దొంగలా ఆరేళ్ళు.

సోమవారం అక్క ఫోను వచ్చింది.

"ఏరా దోమా, ఎడమ కన్ను ఏడాదిగా మసకే. కుడి కన్నుకి వచ్చే వారం గురువారం ఆపరేషన్. బాగుపడొచ్చు, పడకపోవచ్చు, కంటి డాక్టరుకీ తెలీదట. ఈ ఆదివారం వస్తున్నా. ఆట బయటికి తీసి పెట్టు."

"ఇప్పుడెందుకక్కా..."

"దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. ఆ తలుపు తీసి అవతల ఏముందో చూసుకుని పోతాను."

ఫోను పెట్టేశాక ఆయన చాలాసేపు ఒక మైనపు దంతాన్ని చెక్కుతూ ఉండిపోయాడు. అది తర్వాత ఎవరి నోటికీ సరిపోలేదు.

మూడు రోజులు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నాడు. గురువారం భార్యకు చెప్పాడు.

"ఆరేళ్ళుగానా? ఆన్ చేసి చూడండి. భయపడేది తర్వాత కూడా పడొచ్చు."

శుక్రవారం పొద్దున పంటి గాటు క్యాసెట్టును గుచ్చి, కళ్ళు మూసుకుని స్విచ్చి నొక్కాడు. కళ్ళు తెరిచేసరికి తెర మీద మూడు గళ్ళు. ఖాళీ. ఖాళీ. ఖాళీ.

ఈ క్యాసెట్టుల్లో ఆడిన ఆట గుర్తుండాలంటే లోపలి బిళ్ళ బ్యాటరీకి ప్రాణం ఉండాలి. బ్యాటరీ చచ్చి ఆట పోయిందేమోనని విప్పి మీటరు పెట్టాడు. బ్యాటరీ పుష్టిగా ఉంది. అంటే ఇది అక్కది కాదు. అక్క ఆరు దీవులూ మెరిసే డబ్బాలో కూర్చుని లిఫ్టు బాబాయి ఇంటికి కాపురానికి పోయాయి. ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి.

లిఫ్టు బాబాయి లిఫ్టు మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాడు. ఉండేది అయిదో అంతస్తులో. మేస్త్రి అయిదు అంతస్తులూ మెట్లెక్కి చేరేసరికి ఒగరుస్తున్నాడు.

"లిఫ్టు నేను బిగించిందేనయ్యా, అయినా నీకు నమ్మకం లేదు," అన్నాడు బాబాయి. మాట్లాడుతుంటే ఆయన పైసెట్టు పళ్ళు కిందికి జారుతున్నాయి.

గోడ నిండా పారదర్శకపు పెట్టెలు, ఒక్కో పెట్టెలో ఒక్కో ఆట, నాలుగు మూలలా నాలుగు స్క్రూలు. పడవవాడి ఆట మూడో వరసలో ఉంది.

"దాన్ని... ఆన్ చేశారా ఎప్పుడైనా?"

"ఛ. ఆడితే ఇంకేం మిగులుతుంది? ఆరేళ్ళుగా గాలి తగల్లేదు."

మేస్త్రి ముందు అబద్ధం చెప్పాడు: ఇంటి దగ్గర దానికంటే మంచిది ఉంది, మార్చుకుందామని. బాబాయి కళ్ళు చిన్నవయ్యాయి. పోగుచేసేవాళ్ళలో ఎవడైనా మంచిది ఇచ్చి చెడ్డది తీసుకుంటానంటే ఆ చెడ్డదాంట్లో ఏదో మర్మం ఉన్నట్టే.

"అందులో ఏముంది మేస్త్రీ? అచ్చుతప్పు ఉందా? అరుదైన ముద్రణా?"

"మా అక్క ఉంది," అన్నాడు మేస్త్రి. అని, మొత్తం చెప్పేశాడు, తువ్వాలు దగ్గర నుంచి అక్క కంటి ఆపరేషన్ దాకా.

బాబాయి పళ్ళు సర్దుకున్నాడు. "డబ్బా, చీటీ నాకుంటాయి. లోపలి పలక మార్చు. దాంతోపాటు నాకు కొత్త పైసెట్టు. జారకూడదు. నవ్వితే తెలియకూడదు."

"ఇప్పుడే అచ్చు తీస్తాను బాబాయ్."

"ఇప్పుడెందుకయ్యా, మీ అక్క దగ్గరికి పో. ఒక్కటి విను. దాని బ్యాటరీకి ముప్పై ఏళ్ళు. నేను చూసి ఎరగను. ఉందో పోయిందో దేవుడికెరుక."

వెంట తెచ్చిన పలకను మెరిసే డబ్బాలో పెట్టి, అక్క పలకను జేబులో వేసుకుని, ఆ మాట పట్టుకుని మేస్త్రి అయిదు అంతస్తులూ దిగాడు. ప్రతి మెట్టు దగ్గరా జేబు తడుముకున్నాడు. ఇంటికొచ్చి పలకను పంటి గాటు డబ్బాలో బిగించాడు. ఆన్ చేసి చూశాడా అంటే, చూడలేదు. అక్క రానీ అనుకున్నాడు. భయాన్ని ఇద్దరు మోస్తే తేలిక అని ఆయన లెక్క.

ఆదివారం అక్క నల్ల కళ్ళద్దాలతో వచ్చింది. గుమ్మం దగ్గర గడప కోసం కాలితో తడిమింది. ఎవరూ గమనించనట్టు ఊరుకున్నారు. కూర్చోగానే మేస్త్రి ఒప్పేసుకున్నాడు, నేల చూపులు చూస్తూ.

"ఆరేళ్ళు, ఫోనులో ప్రతిసారీ, ఉందక్కా ఉందక్కా అన్నావు," అంది అక్క.

"ఉందనే అనుకున్నానక్కా. సగం."

"మా డిపోలో ఇలా బస్సు మార్చి ఇచ్చిన వాణ్ణి ఏం చేస్తానో తెలుసా?"

"వద్దు వదినా, ఆయన తట్టుకోలేరు," అంది భార్య.

"ఆన్ చెయ్యరా."

చేశాడు. తెర నల్లగా ఉంది. ఇంకా నల్లగానే ఉంది. మేస్త్రి లోపల ఒక రెండు వందల పన్నెండు రకాల చావులు చచ్చాడు. తర్వాత సంగీతం, తర్వాత గళ్ళు. మొదటి గడిలో బాస్, ఆరు దీవులు. రెండో గడిలో దోమ, ఒక దీవి.

"ఒకటే గెలిచావా నువ్వు? మూడు అనుకున్నాను," అంది అక్క, తెరకు ముక్కు ఆనించి.

ఆయన రీసెట్టు నొక్కి పట్టుకుని ఆపి, క్యాసెట్టు విప్పి, బ్యాటరీకి మీటరు పెట్టాడు. మూడు వోల్టులు చూపించాల్సిన చోట రెండు కంటే ఓ వెంట్రుకవాసి ఎక్కువ. ఇవాళో రేపో.

"మార్చాలి," అన్నాడు. "ఊరికే పీకితే ఆట పోతుంది. మిషన్ ఆన్‌లో పెట్టి, దాని కరెంటు మీద ఆట బతికుండగా పాతది తీసి కొత్తది అతకాలి. చెయ్యి జారితే అంతే."

"ఎవరు చేస్తారు?"

"నేనే చెయ్యాలి." ఆ మాట అన్నది తనేనా అని ఆయనకే అనుమానం వచ్చింది.

విప్పిన పలకను అలాగే మిషన్‌లో గుచ్చి ఆన్ చేశాడు. సీసం అతికే ఇనుపకడ్డీ వేడెక్కాక, దాని కరెంటు పలకకు తగలకుండా ప్లగ్గు పీకేశాడు. ఇక ఆ వేడి చల్లారేలోపు పని అయిపోవాలి. అక్క టార్చి పట్టుకుంది. వెలుతురు పలక మీద నిలవలేదు. పలక అంచుకు, బల్లకు, మళ్ళీ పలకకు ఊగుతోంది.

మేస్త్రి టార్చి వైపు చూశాడు. అక్క చెయ్యి వణుకుతోంది. పుట్టి బుద్ధెరిగాక ఆయన చూడనిది ఏదైనా ఉంటే అదే. అప్పటిదాకా ఆయన భయాలన్నీ ఆయనవే. ఇది కొత్తది, ఇది అక్కది, అన్నిటికంటే పెద్దది.

"ఏంటి చూస్తున్నావు? పని చూసుకో."

"వెలుతురు ఎటు పడితే అటే చేస్తానక్కా. పరవాలేదు."

ఆయన చేతులు మాత్రం వణకలేదు. అవి పళ్ళు కట్టే చేతులు, పని మీద ఉన్నాయి. బిళ్ళ ఒక కాలి అతుకు కరిగింది, రెండో కాలిది కరిగింది, పాత బిళ్ళ టక్కున బల్ల మీద పడింది. తెర మీద బాస్ అలాగే ఉంది. కొత్త బిళ్ళ కూర్చుంది, సీసం మెరిసి గడ్డకట్టింది.

అక్క ఆట అందుకుంది. వేళ్ళు మరిచిపోలేదు. ఏడో దీవి, ముళ్ళ బాట, రాకాసి. మూడుసార్లు చచ్చింది. నాలుగోసారి తమ్ముడు, "ఎడమ, అక్కా, ఎడమ," అని ఆమెకు కనబడనిది చెప్పాడు. రాకాసి కూలింది. పడవవాడు కోట తలుపు ముందు నిలబడ్డాడు. ఒక్క నొక్కు.

అక్క నొక్కలేదు. మీటల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"తియ్యక్కా."

"ఇవాళ వద్దులే." గొంతు డిపో గొంతు కాదు. "తీసేస్తే ఆపరేషన్ అయ్యాక నేను దేనికోసం కళ్ళు తెరవాలిరా?"

భార్య లేచి వంటింట్లోకి వెళ్ళింది. అక్కడ ఏ పనీ లేదు.

"శుక్రవారం కట్టు విప్పుతారట," అంది అక్క. "ఆదివారం వస్తాను. కనబడితే నేను తీస్తా. కనబడకపోతే నువ్వు తీసి, అవతల ఏముందో చెప్పాలి. భయమేసినా చెప్పాలి. అబద్ధం చెప్పకూడదు."

"చెబుతాను."

"సరే, ఆపేద్దాం. మీట పట్టుకో."

ఆయన రీసెట్టు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. అక్క చెయ్యి తడుముకుంటూ వచ్చి స్విచ్చి వెతుక్కుని ఆపింది. తెర ఆరిపోయింది. మిషన్ లోపల ఏదో చిన్నగా చిటపటలాడి ఊరుకుంది.

"అయిపోయింది, వదలరా దోమా."

"వదులుతానక్కా," అన్నాడు, కానీ వదల్లేదు. అక్కను ఆటో ఎక్కించడానికి భార్యే వెళ్ళాల్సి వచ్చింది.