పొద్దుగూకని దేశంలో అవ్వ ఒక్కపొద్దు

జూన్‌లో ఫిన్లాండ్ పోవాలనుకునేవాళ్ళకు ముందే ఒక మాట చెప్తాను. ఇంట్లో ఒక్కపొద్దు ఉండే పెద్దమనిషి ఉంటే, శనివారం నాడు ఎక్కడ ఉంటారో చూసుకుని టికెట్లు కొనండి. నేను విమానాలు చూశాను, రైళ్ళు చూశాను, వాన పడుతుందా లేదా అని కూడా చూశాను. శనివారం సంగతి మాత్రం మరిచిపోయాను.

సిద్దిపేటలో నాకు చిన్న బట్టల దుకాణం ఉంది. పెళ్ళిళ్ళ సీజన్ అయిపోయాక ఏటా ఎక్కడికో ఒకచోటికి పోతాం. ఈసారి మా అమ్మాయి మేఘన రాత్రిపూట సూర్యుణ్ణి చూడాలని పట్టుబట్టింది. మా ఆవిడ లత సరేనంది. మా అవ్వ, అంటే మా అమ్మ, మాత్రం నమ్మలేదు. "పొద్దు గూకని ఊరు ఉంటదారా? నిన్నెవడో ఆగం జేస్తుండు" అంది. అయినా బయలుదేరింది.

మంగళవారం మధ్యాహ్నం రెండింటికి కారులో శంషాబాద్‌కు, అక్కడి నుంచి గల్ఫ్ మీదుగా హెల్సింకీకి. బుధవారం మధ్యాహ్నానికి దిగాం. అవ్వ సంచిలో ఇత్తడి ప్రమిద, వత్తులు, చిన్న డబ్బాలో నెయ్యి ఉన్నాయి. అగ్గిపెట్టె శంషాబాద్‌లోనే తనిఖీ చేసే పిల్ల తీసి పక్కన పెట్టింది. దానికి ఆమె విమానం ఎక్కేదాకా ఆ పిల్లను తిడుతూనే ఉంది.

హెల్సింకీలో ట్రాము పాసు తీసుకుంటే కోట ఉన్న దీవికి పోయే పడవ కూడా అందులోనే వస్తుంది. అంతవరకు బాగుంది. దిగి వచ్చి రేవు పక్కన సంతలో వేయించిన చేపలు కొన్నాను. మొదటి ముక్క నోటి దాకా పోలేదు, తెల్లటి సముద్రపు పక్షి ఒకటి వచ్చి తన్నుకుపోయింది. కాఫీ తాగుదామంటే ఒక్క కప్పు ధరకు మన దగ్గర ఇంటిల్లిపాదీ టిఫిన్ చేయొచ్చు. గురువారం అమ్యూజ్‌మెంట్ పార్కుకు పోయాం. లోపలికి టికెట్ లేదు, ఆటలకే టికెట్. మేఘన ఎక్కిన బండి తలకిందులుగా తిరిగి అందరూ కేకలు పెడుతుంటే అవ్వ కళ్ళు మూసుకుని, "పైసలిచ్చి ఒర్లుడేందిరా" అంది.

ఆ సాయంత్రం ఏడున్నరకు ఉత్తరానికి పోయే రాత్రి రైలు ఎక్కాం. ఇద్దరికొక గది, శుభ్రమైన పరుపులు, లోపలే నీళ్ళ కుళాయి. పిల్లలున్నవాళ్ళు తప్పకుండా ఎక్కదగిన రైలు. నిద్ర మాత్రం అడగకండి. అవ్వా నేనూ ఒక గదిలో పడుకున్నాం. ఆమె తెర పక్కకు జరిపి చూడటం, "ఇంక చీకటి గాలే" అనడం, మళ్ళీ పడుకోవడం. తెల్లవార్లూ ఇదే పని. అసలు తెల్లవారడం అన్నదే లేదు కాబట్టి ఎప్పుడు ఆపాలో ఆమెకు తెలియలేదు.

శుక్రవారం పొద్దున ఏడున్నరకు రొవానియెమిలో దిగి కారు కిరాయికి తీసుకున్నాను. అక్కడ రోడ్డుకు కుడివైపు నడపాలి. లత పక్కన కూర్చుని "కుడి, కుడి" అని అరుస్తూనే ఉంది. ముప్పావు గంటకు చెరువు ఒడ్డున మా చెక్క ఇల్లు చేరాం. ఒకే యజమానికి అక్కడ రెండు ఇళ్ళున్నాయి. రెండోది చౌక, కిలోమీటరు దూరంలో గుట్ట కింద ఉంది. 'సాయంత్రం గుట్ట నీడ పడుతుంది, రాత్రి సూర్యుడు కనబడడు' అని అందులో దిగినవాళ్ళు రాస్తే దాన్ని కాదని ఇది తీసుకున్నాను. అడ్డం లేకుండా సూర్యుడు కనబడాలని ఎక్కువ ఇచ్చాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇంట్లో చెమట పట్టించుకునే ఆవిరి గది కూడా ఉంది. మే నెలంతా సిద్దిపేటలో ఊరికే దొరికే దాని కోసం అక్కడ ప్రతి ఇంట్లో ఒక గది కట్టుకున్నారు. దోమల సంగతి చెప్పను. మన దోమలు వాటి ముందు పసిపిల్లలు. రెయిన్‌డీర్ల ఫారంలో మేఘన వాటికి మేత తినిపిస్తుంటే అవ్వ ఒకదాని మెడ నిమిరి, "కొమ్ములు తప్ప అన్నీ మన ఎడ్ల లెక్కనే" అని మొదటిసారి నవ్వింది.

శనివారం వచ్చింది.

మా అవ్వ శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. పొద్దంతా చక్కెర లేని చాయ్, ఒక అరటిపండు. పొద్దుగూకినంక దీపం పెట్టి, అప్పుడు బువ్వ. కొన్నేళ్ళ కింద నన్ను లారీ గుద్దితే నేను హైదరాబాద్ దవాఖానలో పడి ఉన్నప్పుడు మొక్కిన మొక్కు అది. ఆమెకు షుగర్ ఉంది. ఆకలితో ఉండొద్దని డాక్టర్ చెప్పాడు. నా కోసం కడుపు మాడ్చుకునే మనిషిని గట్టిగా ఏమీ అనలేను, అనకుండా ఉండలేను.

ఆ రోజు జంతువుల పార్కుకు పోయాం. ధ్రువపు ఎలుగుబంటి మాకు వీపు చూపించి పడుకుంది. సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చాం. అవ్వ కాళ్ళు కడుక్కుని, ప్రమిద తుడిచి, వత్తి వేసి, కిటికీ దగ్గర కూర్చుంది. ఎదురుగా సూర్యుడు మన నాలుగింటి పొద్దులా పైనే ఉన్నాడు.

"ఎన్ని గంటలకు గూకుతదిరా?"

అప్పుడు వెలిగింది నా బుర్రలో. "అవ్వా, ఈడ వచ్చే నెల దాంక గూకదు" అన్నాను.

"అట్లయితే ఆగుదం" అంది ఆమె, బస్సు ఆలస్యమైందని చెప్పినంత తేలికగా.

ఏడింటికి మా పక్కింటామెకు ఫోన్ చేసి, సిద్దిపేటలో ఎప్పుడో చీకటి పడిందని అవ్వకు వినిపించాను. "గాడ గూకితే గాడోల్లు తింటరు. నా నెత్తి మీద పొద్దు ఉన్నది గద" అంది. తెరలు వేసి గదిని చీకటి చేశాను. "పరదా ఏస్తె రాత్రయితదా? దేవుడు గుడ్డోడా?" అంది. దేశం కాని దేశంలో ఇవన్నీ దేవుడు పట్టించుకోడన్నాను. "నీకు జెప్పిండా?" అంది.

ఎనిమిదింటికి ఆమె వేళ్ళు వణకడం లత చూసింది. నాకు కోపం, భయం రెండూ ఒకేసారి వచ్చాయి. "నాకేమన్న అయితదని ఒక్కపొద్దు ఉంటున్నవు, నీకేమన్న అయితే నేను ఏ దేవునికి మొక్కాలె?" అని అరిచాను. మేఘన ఏడ్చింది. అవ్వ మేఘన కళ్ళు తుడిచింది. తర్వాత నెమ్మదిగా అంది.

"మా తల్లిగారింటి ఎనుక గుట్ట ఉండె. పొద్దు గుట్ట ఎనుకకు పోంగనే మా అవ్వ దీపం ముట్టిచ్చేది. వాగు అవతల ఇంక ఎండ కొడుతుండేది. గాళ్ళది గాళ్ళకు, మాది మాకు. ఈడ గుట్ట లేదారా?"

లత నా వైపు చూసింది. "నీడ పడుతదని నువ్వు వద్దన్న ఇల్లు ఉన్నది గద" అంది. పదేళ్ళ దాకా ఎత్తిపొడవడానికి ఆమెకు ఆ ఒక్క మాట చాలు.

అన్నం, పప్పు గిన్నెలతో సహా అందర్నీ కారెక్కించాను. ఎనిమిదిన్నరకు గుట్ట కింది ఇంటి ముందు ఆగాం. అరుగు మీద పొడుగాటి మనిషి ఒకాయన దుప్పటి కప్పుకుని, భార్యాబిడ్డలతో ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. నెదర్లాండ్స్ నుంచి కారు నడుపుకుంటూ వచ్చాడట. నేను నోరు తెరిచేలోపే తన గోడు మొదలుపెట్టాడు.

"రోజూ తొమ్మిదయ్యేసరికి ఈ కొండ మా సూర్యుణ్ణి మింగేస్తుంది. ఇంత దూరం దీనికోసమా వచ్చింది?"

"మాకు ఆ మింగే కొండే కావాలి" అన్నాను. వచ్చిన ఇంగ్లీషులో అవ్వ సంగతంతా చెప్పాను. ఆయన ఆమెను చూశాడు, ప్రమిదను చూశాడు, భార్యతో రెండు ముక్కలు మాట్లాడాడు. నేను మా ఇంటి తాళం ఇచ్చాను, ఆయన తన అరుగు ఇచ్చాడు. పొయ్యి దగ్గరి అగ్గిపెట్టె కూడా తెచ్చి అవ్వ చేతిలో పెట్టి, పిల్లలతో మా చెరువు ఒడ్డుకు పోయాడు.

దోమలు కొట్టుకుంటూ కూర్చున్నాం. సూర్యుడు గుట్ట అంచు వెంబడి పక్కకు జరుగుతున్నాడే కాని దిగడు. నేను మనసులో సూర్యుణ్ణే తిట్టుకున్నాను. తొమ్మిది దాటాక చెట్ల వెనక, ఆ తర్వాత రాళ్ళ వెనక, ఆఖరికి గుట్ట వెనక్కి పోయాడు. అరుగు మీద చల్లటి నీడ పడింది. అవ్వ లేచి దీపం ముట్టించి, దండం పెట్టుకుని, కూర్చుని తిన్నది. లత పప్పు వేస్తూనే ఉంది. ఆమె వేళ్ళ వణుకు తగ్గేదాకా నేను ప్లేటు వైపే చూస్తూ కూర్చున్నాను.

తిరిగి కారులో మలుపు తిరిగామో లేదో, చెరువు మీద ధగధగమని సూర్యుడు. తిన్నది చెల్లదంటుందేమో అనుకున్నాను. అవ్వ చేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని తీరిగ్గా చూసింది.

"నా ఒక్కపొద్దు వొడిసింది. ఇగ ఐతారమే" అని, కోడలి వైపు తిరిగి, "లతా, నిన్న వండి డబ్బల పెట్టిన కోడికూర ఉన్నదా, మీరే తిన్నరా?" అంది.

రాత్రి పదింటికి, ఎండలో, కోడికూర వేడి చేశాం. నెదర్లాండ్స్ వాళ్ళూ కూర్చుని తిన్నారు, కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. మేఘన చూడాలనుకున్న రాత్రి సూర్యుణ్ణి అప్పుడు చూసింది. నేను చూడలేదు, అలసటకు కుర్చీలోనే నిద్రపోయాను.

తర్వాతి నాలుగైదు రోజులు శాంటా తాత ఊరు, జలపాతం, పిల్లల సైన్స్ మ్యూజియం. అన్నీ పిల్లలకు బాగుంటాయి, అన్నిటికీ దోమల మందు పట్టుకుపోండి. గురువారం రాత్రి రైలెక్కి హెల్సింకీ చేరి, ఒక రోజు ఆగి, మర్నాడు మధ్యాహ్నం మూడున్నరకు విమానం ఎక్కాం. ఎక్కాక లత గుర్తు చేసింది, మళ్ళీ శనివారమే. నేను తల పట్టుకున్నాను.

కాని విమానం దక్షిణానికి పోయేకొద్దీ సూర్యుడు దిగుతూ వచ్చాడు. ఏడు దాటాక కిటికీ అవతల ఎర్రగా అయ్యి, మారాం చేయకుండా మునిగిపోయాడు. విమానంలో దీపం ముట్టించరాదని నేను చెప్పేలోపే అవ్వ తల మీది చిన్న లైటు నొక్కి దండం పెట్టుకుంది. పులిహోర పొట్లం విప్పి మొదటి ముద్ద నా చేతిలో పెట్టింది.

"అవ్వా, ఇగ చాలియ్యవే ఈ ఒక్కపొద్దు. నేను మంచిగనే ఉన్న గద" అన్నాను.

"మంచిగున్నవనే గదరా ఇడుస్తలేను" అంది.

నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాను.